వార్నింగ్‌లు చదవడం ల్యాబ్‌లోనే నేర్పండి

ఎడిటర్ గారికి నమస్కారం.

కౌన్సెలింగ్ రోజులు కదా, చుట్టాలు, పక్కింటివాళ్లు అందరూ నన్ను ఒకటే అడుగుతున్నారు, ఏ కాలేజీలో సీఎస్‌ఈ బాగుంటుందని. నేను పదిహేనేళ్లుగా సీ, సీ ప్లస్ ప్లస్‌లో పనిచేస్తున్నాను, మా టీమ్‌లో కొత్తగా చేరే పిల్లల కోడ్ మొదట చూసేది నేనే. కాలేజీ ఏదైనా సరే, దాదాపు అందరిలో ఒక అలవాటు కనిపిస్తోంది. కంపైలర్ ఇచ్చే వార్నింగ్‌ని చదవరు. దాని గురించే ఈ ఉత్తరం.

ఈ పనితో సంబంధం లేనివాళ్ల కోసం రెండు ముక్కలు చెబుతాను. మనం రాసిన ప్రోగ్రామ్‌ని మెషీన్‌కి అర్థమయ్యేలా మార్చేది కంపైలర్. ప్రోగ్రామ్‌లో ఒక విలువ దాచుకునే చోటును వేరియబుల్ అంటాం. ఎర్రర్ వస్తే ప్రోగ్రామే తయారవ్వదు కాబట్టి చచ్చినట్టు సరిచేస్తారు. వార్నింగ్ అలా కాదు, "ఈ వేరియబుల్‌కి విలువ పెట్టకుండానే వాడుతున్నావు, చూసుకో" అని చెప్పి ప్రోగ్రామ్ మాత్రం తయారుచేసి ఇచ్చేస్తుంది. మా రోజుల్లో ల్యాబ్‌లో టర్బో సీ ఉండేది. కంపైల్ చేయగానే చిన్న డబ్బా వచ్చేది, అందులో వార్నింగ్స్ 3, ఎర్రర్స్ 0 అని, కింద సక్సెస్ అని. ఆ సక్సెస్ ఒక్కటే చూసి, ఏదో ఒక కీ నొక్కి, అవుట్‌పుట్ చూపించి, రికార్డు మీద సంతకం పెట్టించుకుని బయటపడేవాళ్లం. ఆ మూడు ఏమిటని మమ్మల్ని ఎవరూ అడగలేదు. ఇప్పటి పిల్లల్నీ అడగడం లేదని వాళ్ల కోడ్ చూస్తే తెలుస్తోంది.

కొన్నేళ్ల కింద ఒక ప్రాజెక్టులో చేరాను, సంస్థ పేరు ఇక్కడ అనవసరం. సరుకు తూచే కాటాల్లో నడిచే ప్రోగ్రామ్ అది. బిల్డ్ చేస్తే, అంటే ప్రోగ్రామ్ మొత్తాన్ని కంపైల్ చేస్తే, 4,200కి పైగా వార్నింగ్‌లు, స్క్రీన్ మీద వరదలా పోయేవి, అవి ఎప్పుడూ ఉండేవేలే అని మొదటిరోజే చెప్పారు. ఒక గోడౌన్‌లో ఎప్పుడో ఒకసారి ఖాళీ కాటా మీద బరువు కనిపిస్తోందని ఫిర్యాదు వచ్చింది. మా ఆఫీసులో ఎంత ప్రయత్నించినా రాలేదు, ఎందుకంటే మేం పరీక్షించేది తప్పులు వెతకడానికి తయారుచేసే డీబగ్ బిల్డ్, వాళ్ల దగ్గర నడిచేది వేగంగా నడిచేలా ఆప్టిమైజ్ చేసిన రిలీజ్ బిల్డ్. 11 రోజులు వెతికాం, ఇద్దరు కుర్రాళ్లు ఆ గోడౌన్‌లోనే పడుకున్నారు. చివరికి తేలింది ఒకే ఒక వేరియబుల్. సెన్సర్ జవాబివ్వనప్పుడు దానికి విలువ పెట్టే లైను నడవదు, అంతకుముందు మెమరీలో ఏముంటే అదే బరువై కూర్చుంటుంది. పాత బిల్డ్ లాగ్‌లు తీసి చూస్తే, ఎనిమిది నెలలుగా ప్రతి రాత్రీ మేం వాడే జీసీసీ అనే కంపైలర్ ఫైలు పేరు, లైను నంబరుతో సహా ఆ మాటే చెబుతోంది. నాకు ఆ రోజు నిజంగా ఏడుపొచ్చింది.

నాలుగు రాళ్లున్న బియ్యాన్ని ఎవరైనా ఏరతారు. బియ్యంతో సమానంగా రాళ్లుంటే చేట పక్కన పెట్టేస్తారు. మాకు జరిగింది అదే.

అన్నీ ఒక్కసారి దిద్దేద్దామని కొందరు కూర్చుంటారు, అది ఇంకో ప్రమాదం, హడావుడిలో కొత్త తప్పులు దూరతాయి. మేం ముందు రకాలవారీగా లెక్క తీశాం. సగానికి పైగా మేం రాసిన కోడ్‌వి కావు, బయటి లైబ్రరీల, అంటే వేరేవాళ్లు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్‌ల, హెడర్ ఫైళ్లవి, మన కోడ్‌లోకి కలుపుకునేవి. ఆ ఫోల్డర్లను ఐసిస్టమ్ అనే ఆప్షన్‌తో ఇస్తే జీసీసీ, క్లాంగ్ అనే ఇంకో కంపైలర్ రెండూ వాటిని సిస్టమ్ హెడర్లుగా చూస్తాయి, వాటి లోపలి గొడవ మనకు చెప్పవు. మిగిలిన సంఖ్యను ఒక ఫైల్‌లో రాసి, ఎవరి మార్పు వల్లయినా అది ఒక్కటి పెరిగినా బిల్డ్ ఆగిపోయేలా పెట్టాం, తగ్గితే ఆ తగ్గిన సంఖ్యే కొత్త హద్దు. ఆపైన ఒక్కో రకం తీసుకున్నాం, విలువ పెట్టని వేరియబుల్స్ అన్నీ సరిచేశాక ఆ రకాన్ని వార్నింగ్ నుంచి ఎర్రర్‌గా మార్చేశాం, ఇక ఎవరూ చూడకుండా వదిలేసే వీలు లేదు. సున్నాకి రావడానికి ఐదు నెలలు పట్టింది. అప్పటి నుంచి కొత్తగా ఒక్కటి వచ్చినా మధ్యాహ్నంలోపే ఎవరో ఒకరు చూస్తున్నారు.

సున్నా చేయమన్నాను కదా అని అర్థం చేసుకోకుండా నోరు మూయిస్తే మాత్రం అసలుకే మోసం. 2006లో డెబియన్ అనే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఇదే జరిగింది. అది కంపైలర్ కాదు, వాల్‌గ్రైండ్ అనే తనిఖీ సాధనం, సమాచారాన్ని రహస్యంగా పంపడానికి వాడే ఓపెన్ఎస్ఎస్ఎల్ లైబ్రరీలో విలువ పెట్టని మెమరీ వాడుతున్నారని చెప్పింది. ఆ హెచ్చరిక పోవడానికి రెండు లైన్లు కామెంట్ చేసేశారు, అంటే అవి నడవకుండా చేసేశారు. వాటిలో ఒకటి, రహస్య కీలు తయారుచేసేటప్పుడు యాదృచ్ఛికతను కలిపే అసలు లైను. దాంతో మిగిలిన యాదృచ్ఛికత ప్రాసెస్ నంబరు (నడిచే ప్రతి ప్రోగ్రామ్‌కీ సిస్టమ్ ఇచ్చే నంబరు) ఒక్కటే, అంటే ఒక రకం, ఒక సైజు కీకి సుమారు 32 వేల అవకాశాలే, ఎవరైనా అన్నీ ముందే తయారుచేసి పెట్టుకోవచ్చు. 2008 మే దాకా అది బయటపడలేదు, డెబియన్, ఉబుంటు వాడేవాళ్లు తమ కీలు మార్చుకోవాల్సి వచ్చింది. అందుకే మా దగ్గర ఏ వార్నింగ్‌ని ఆపినా, ఎందుకు ఆపామో పక్కనే కామెంట్ రాయాలి, ఇంకొకరు చదివి ఒప్పుకోవాలి.

అసలు ఏ వార్నింగ్‌లు ఆన్‌లో ఉన్నాయో కూడా చాలామందికి తెలియదు. వార్నింగ్‌లు ఇవ్వమని కంపైలర్‌కి చెప్పే డబ్ల్యూ ఆల్ అనే ఆప్షన్ పెట్టాం కదా, అన్నీ వచ్చేస్తాయనుకుంటారు, పేరు అలా ఉంది గానీ అది అన్నిటినీ ఆన్ చేయదు. 2014 ఫిబ్రవరిలో ఆపిల్ ఫోన్లలో, మ్యాక్‌లలో బయటపడిన లోపం వేరే చోటికి దూకమని చెప్పే గోటూ లైను ఒకటి రెండుసార్లు పడటం వల్ల వచ్చింది, సర్వర్ సంతకం సరిచూసే కోడ్ అసలు నడవకుండానే అంతా బాగుందని జవాబొచ్చేది. నడవని కోడ్ ఉందని చెప్పే వార్నింగ్ క్లాంగ్‌లో ఉంది, కానీ డబ్ల్యూ ఆల్‌లో లేదు, విడిగా అడగాలి. ఇలాంటి మోసపు ఇండెంటేషన్‌ని, అంటే లైను ముందు ఖాళీ చూసి ఒక షరతు కింద ఉందనుకునేలా ఉండి నిజానికి లేని కోడ్‌ని, పట్టే వార్నింగ్‌ని 2016లో జీసీసీ 6 డబ్ల్యూ ఆల్‌లోనే చేర్చింది.

ప్రతి వార్నింగ్‌నీ ఎర్రర్‌గా మార్చేస్తే పోలేదా అని మా కుర్రాళ్లు అడుగుతుంటారు. మన సొంత బిల్డ్ సర్వర్‌లో తప్పకుండా మార్చాలి. బయటివాళ్లు కంపైల్ చేసుకునే కోడ్‌లో వద్దు, వాళ్ల దగ్గర కొత్త కంపైలర్ ఉంటే కొత్త వార్నింగ్ వస్తుంది, బిల్డ్ ఆగిపోతుంది, వాళ్లు చేసిన తప్పేమీ ఉండదు. 2021 సెప్టెంబర్‌లో లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ దాని కేంద్ర భాగమైన కెర్నెల్ మొత్తానికి ఇలాగే ఎర్రర్‌గా పెట్టి, కొద్ది రోజుల్లోనే దాన్ని టెస్ట్ బిల్డ్‌ల వరకే డిఫాల్ట్‌గా ఉంచారు.

ఇక కాలేజీల సంగతి. ఫంక్షన్ ఏం తీసుకుని ఏమిస్తుందో ముందే చెప్పే డిక్లరేషన్ లేకుండా దాన్ని పిలిస్తే జీసీసీ చాలా ఏళ్లు వార్నింగ్ ఇచ్చి వదిలేసేది, ఆ ఫంక్షన్ ఇంట్, అంటే పూర్ణాంకం, ఇస్తుందని అనుకునేది, అది నిజంగా పాయింటర్, అంటే మెమరీ అడ్రసు, ఇచ్చేదైతే 64 బిట్ మెషీన్‌లో అడ్రసు సగం తెగిపోయేది. 2024లో వచ్చిన జీసీసీ 14 దాన్ని ఎర్రర్‌గానే మార్చింది. అంటే సీనియర్ల రికార్డుల్లోంచి ఏళ్లుగా ఎక్కించుకుంటున్న ప్రోగ్రాములు కొన్ని ఇప్పుడు కంపైల్ కూడా కావు. ల్యాబ్ చూసే మేడమ్‌లకి, సార్‌లకి నా మనవి ఒక్కటే. మొదటి ప్రోగ్రామ్ నుంచే డబ్ల్యూ ఆల్, ఇంకొన్ని వార్నింగ్‌లు ఇచ్చే డబ్ల్యూ ఎక్స్‌ట్రా పెట్టి కంపైల్ చేయించండి, రికార్డులో అవుట్‌పుట్ పక్కనే కంపైలర్ ఏమందో, పిల్లలు ఏం మార్చారో రాయించండి, వైవాలో అందులోంచే ఒక ప్రశ్న అడగండి. జీసీసీ ఉచితమే, కొత్త కంప్యూటర్లు అక్కర్లేదు.

ఇట్లు,
ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీర్,
కూకట్‌పల్లి, హైదరాబాద్