హైదర్ అలీ దండు పిస్తోలు అంటున్నారు గదా

తిరుపతి

అమ్మా సుధా,

నువ్వు కొనాలనుకుంటున్న చెకుముకి పిస్తోలు ఫోటోలు చూసినాను. 1782లో నరసింగరాయనిపేట దగ్గర హైదర్ అలీ కన్నుమూసినప్పుడు ఆయన దండు వదిలేసిపోయిన పిస్తోలని దాన్ని అమ్మే ఆ చిత్తూరు ఆసామి అంటున్నాడు. లాకు, అంటే నిప్పు పుట్టించే యంత్రం, దాని పలక మీదేమో కిరీటం పట్టుకుని నిలబడిన సింహం ఉంది. ఈస్టిండియా కుంఫిణీ తుపాకుల మీదికి ఆ సింహం వచ్చింది 1808 ప్రాంతంలో. అంతకుముందు గుండె ఆకారం గీసి, నాలుగు గళ్ళలో వి, ఈ, ఐ, సి అక్షరాలు వేసేవాళ్ళు. కాబట్టి కథ నిలవదు. పిస్తోలు మాత్రం నిజంగా కుంఫిణీదే కావచ్చు, ఆ సంగతి వస్తువును చూసి తేల్చుకోవాలి.

చేతికివ్వగానే గొట్టం మూతి నీవైపు, మనుషులవైపు తిప్పొద్దు. సన్నటి చెక్కపుల్ల గొట్టంలోకి మెల్లగా దించి, మూతి దగ్గర గుర్తు పెట్టి, బయట ఆనించి కొలువు. పుల్ల కొస దాదాపు రంజకపు చిల్లు దాకా రావాలి. రంజకం అంటే ముందుగా అంటించే మందు, దాని నిప్పు గొట్టంలోకి పోయేది ఆ చిల్లు గుండానే. అంగుళం, అంతకు మించి తక్కువొస్తే లోపల మందు, గుండు అట్లే ఉన్నాయనుకో. ఆ తుపాకిమందు తడి తగలకుంటే ఎన్నేళ్ళైనా అంటుకుంటుంది. అట్లాంటిదాన్ని ముట్టుకోకుండా కింద పెట్టించు. చిల్లే లేకపోతే ఇంకేమీ చూడక్కర్లేదు, అది గోడకు తగిలించుకోడానికి ఈ కాలంలో చేసిన బొమ్మ.

ముద్రలు చూసేటప్పుడు పది రెట్ల భూతద్దం పట్టుకుని, టార్చి పక్కవాటుగా వెయ్యి. పోతపోసిన నకిలీలో అక్షరాల అంచులు మొద్దుగా, అడుగు గరుకుగా ఉంటాయి. ఉక్కు అచ్చు పెట్టి సుత్తితో కొట్టిన ముద్రకూ ఉలితో చెక్కిన గీతకూ అడుగు పదునుగా తెగి ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం తుప్పు గుంటలకూ ముద్రకూ ఉన్న వరస. అసలుదైతే ముద్ర ముందు, తుప్పు తర్వాత. గుంటలు అక్షరాలను కొరుక్కుంటూ పోవాలి. ఇనుమంతా గుంటలు పడి, వాటి మీదుగా ముద్ర చెక్కుచెదరకుండా ఉంటే దాన్ని నిన్నమొన్న కొట్టినారని అర్థం. ఏమారేది ఎక్కువమంది ఇక్కడే, సింహాన్ని చూడగానే మిగతాది చూడరు.

తుప్పు ఎక్కడుందో కూడా గమనించు. రంజకం కాలినప్పుడల్లా దాని మసి ఇనుమును తింటుంది. అందుకని వాడిన పిస్తోలుకు చిల్లు చుట్టూ, రంజకపు గిన్నె పక్కన గుంటలు ఎక్కువ. ఒళ్ళంతా ఒకే తీరు గోధుమరంగు పట్టి, చిల్లు దగ్గర నున్నగా ఉంటే యాసిడ్ పూసి పాతదానిలా చేసినట్టు. నీలం కలిసిన నల్లరంగు స్క్రూ గాడిలో, అక్షరాల లోపల కూడా ఒకే మందాన ఉంటే మరిగే కాస్టిక్ ఉప్పుల్లో ముంచినట్టు, అది 20వ శతాబ్దపు పద్ధతి. ఎమెరీతో రుద్ది మెరిపించినది నకిలీ కాదు, కానీ అంచులు అరిగి స్క్రూ రంధ్రాల చుట్టూ పల్లం పడుతుంది. ధర సగానికి అడిగినా తప్పులేదు.

ఇంకో మోసం కాస్త తెలివైనది. చెకుముకి పిస్తోళ్ళను ఆనాడే టోపీ పెట్టే రకానికి, అంటే సుత్తి దెబ్బకు పేలే చిన్న మందు టోపీతో కాల్చేదానికి, మార్చి వాడుకున్నారు, అది నిజాయితీ గల మార్పే. ఇప్పుడు ధర కోసం వాటిని తిరిగి చెకుముకికి తిప్పుతున్నారు. అట్లాంటిదానిలో గిన్నె, చెకుముకి తగిలే ఉక్కురేకు కొత్తగా, మిగతా లాకు పాతగా ఉంటాయి. చిల్లు చుట్టూ అతుకు వేసిన ఉంగరం లాంటి గీత కనిపిస్తుంది.

పిడి అడుగు బిళ్ళకు, ట్రిగ్గర్ కాపుకు అయస్కాంతం ఆనించు. ఇత్తడికి అంటుకోదు, పూత పూసిన ఇనుమైతే అంటుకుంటుంది. ఆసామి ఒప్పుకుంటే లాకును ఆయన చేతనే విప్పించు, నువ్వు స్క్రూలు తిప్పొద్దు. కింద కొయ్యలో ఉలి దెబ్బలు, లాకు నూనె మరకలు ఉండాలి. బయట వేసిన రంగే లోపల గాడిలోనూ సమంగా ఉంటే, మూలలు మిషన్‌తో తొలిచినట్టు గుండ్రంగా ఉంటే వదిలెయ్.

అన్నీ కుదిరినా వెంటనే డబ్బు కట్టొద్దు. 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్ మినహాయింపు పాతవాటన్నిటికీ రాదు. మరమ్మతు చేసినా తుపాకిగా పనికిరాని స్థితిలో ఉండాలి. ఇది పేలే స్థితిలో ఉందంటే లైసెన్సు మాట వస్తుంది, కలెక్టరాఫీసులో ముందే అడుగు. నూరేళ్ళు దాటింది కాబట్టి 1972 పురావస్తువుల చట్టం కూడా వర్తిస్తుంది, దేశం దాటించకూడదు. అమ్మేవాడికి పురావస్తు వ్యాపారపు లైసెన్సు ఉందేమో చూసి, వివరాలతో రసీదు రాయించుకో. రసీదులో హైదర్ అలీ పేరు రాస్తాడేమో, రాయనియ్యొద్దు. లాకు మీది గుర్తులు, గొట్టం పొడవు, మూతి వెడల్పు రాస్తే చాలు.

మీ నాన్న