బీఏ విద్యార్థుల ఇంటర్న్‌షిప్‌కు తోడు నిలిచే గురువు కావాలి: ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. నేను నెల్లూరు జిల్లాలోని ఒక డిగ్రీ కళాశాలలో రాజనీతిశాస్త్రం బోధిస్తున్నాను. మా విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం పరిధిలోనూ, పక్కనే ఒంగోలు ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయం పరిధిలోనూ బీఏ చదువుతున్న పిల్లల తరఫున మీకొక విన్నపం చేసుకోవడానికి ఈ లేఖ రాస్తున్నాను.

2020-21 నుంచి మన రాష్ట్రం డిగ్రీ చదువులో పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసింది. మొదటి ఏడాది ముగిశాక 180 గంటల సామాజిక సేవా ప్రాజెక్టు, రెండో ఏడాది తర్వాత స్వల్పకాలిక ఇంటర్న్‌షిప్, ఆపైన ఒక సెమిస్టర్ మొత్తం కళాశాల బయటే పని. దీన్ని ఎత్తివేయమని అడిగేవాళ్లలో నేను లేను. సమాజం గురించి చదివే పిల్లలు మూడేళ్లపాటు సమాజంలో అడుగుపెట్టకుండానే పట్టా పుచ్చుకుని వెళ్లే పద్ధతికి ఇది మంచి విరుగుడు. అయితే ఆ గంటలన్నీ బీఏ విద్యార్థి ఎక్కడ, ఎవరి దగ్గర, ఎవరి చూపు కింద గడపాలన్నది ఇంతవరకు సరిగా తేలలేదు. నా బాధంతా దాని గురించే.

బీకాం పిల్లవాడికి ఆడిటర్ ఆఫీసు ఉంది, కంప్యూటర్స్ చదివే అమ్మాయికి సాఫ్ట్‌వేర్ సంస్థ ఉంది. చరిత్ర, ఆర్థికశాస్త్రం, రాజనీతిశాస్త్రం చదివేవాళ్లకు ఫలానా చోటికి వెళ్లమని చెప్పే వ్యవస్థే లేదు. అందుకే చాలామంది తమ సబ్జెక్టుతో సంబంధం లేని ఏదో ఒక ఆన్‌లైన్ కోర్సులో పేరు నమోదు చేసుకుంటున్నారు, కొందరు డబ్బు కట్టి సర్టిఫికెట్ తెచ్చుకుంటున్నారు. వైవా సమయంలో లాగ్‌బుక్కులు తిరగేస్తుంటే "ఈ రోజు గ్రామంలో పరిశుభ్రతపై అవగాహన కల్పించాము" అన్న వాక్యం పుస్తకం తర్వాత పుస్తకంలో అక్షరం పొల్లుపోకుండా కనిపిస్తుంది. ఇందులో పిల్లలను తప్పుపట్టలేను. అడిగి చదివేవాళ్లు లేరని తెలిసిన రాత ఎవరిదైనా అలాగే ఉంటుంది.

ఇదే ప్రాజెక్టు కింద తీర మండలంలోని ఒక యానాది కాలనీకి వెళ్లివచ్చిన విద్యార్థిని గురించి మీకు చెప్పాలి. సర్వే పత్రంలో "కుటుంబ పెద్ద వృత్తి" అన్న గడిలో ఆమె "రొయ్యల గుంటల కాపలా" అని రాసుకొచ్చింది. పత్రం వరకు పని పూర్తయినట్టే. కాని ఆ ఇంటివాళ్లు గుంట యజమాని దగ్గర కొంత అడ్వాన్సు తీసుకున్నారనీ, అది తీరేదాకా మరోచోట పనికి పోవడానికి వీల్లేదన్నారనీ, రాత్రిళ్లు గుంట నీటికి గాలి అందించే ఏరియేటర్లు ఆగిపోకుండా చూసుకోవడానికి భార్యాభర్తలిద్దరూ గట్టు మీదే ఉండాల్సి రావడంతో పిల్లల బడి మానిపించారనీ ఆమె మాటల్లో విన్నది. వీటిని రాయడానికి పత్రంలో గడి లేదు. తిరిగొచ్చాక ఆ అమ్మాయి నన్నొకటే అడిగింది: "సార్, ఇది వెట్టి కిందికి వస్తుందా?"

ఆ రోజు మా తరగతి గదిలో 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం మొదటిసారి ప్రాణంతో కనిపించింది. అప్పు చూపించి మనిషిని కట్టిపడేయడం చట్టరీత్యా చెల్లదనీ, అలాంటి అప్పే రద్దయిపోతుందనీ, అమలు బాధ్యత కలెక్టరుదనీ, జిల్లా, డివిజన్ స్థాయుల్లో విజిలెన్స్ కమిటీలు ఉండాలనీ పిల్లలు వెతికి మరీ చదివారు. ఆ వెంటనే ఇంకా కష్టమైన ప్రశ్నలు వచ్చాయి. ఈ సంగతి ఎవరికి చెప్పాలి? చెబితే ఆ కుటుంబానికి ఉన్న ఆధారం కూడా పోతుందా? వాళ్లను అడగకుండా చెప్పే హక్కు మనకుందా? ఇవి పద్దెనిమిదేళ్ల పిల్ల ఒంటరిగా తేల్చుకోవలసిన ప్రశ్నలు కావు. మా టైంటేబుల్‌లో వీటికి ఒక్క పీరియడ్ కూడా లేదు గనుక, సాయంత్రం బస్సు టైం అయ్యేదాకా చెట్టు కింద కూర్చుని మాట్లాడుకున్నాం.

అనుభవం దానంతట అది చదువు కాదు. ముందు చూడాలి, చూసినదాన్ని మళ్లీ తలచుకోవాలి, దాన్నుంచి ఒక భావన తీయాలి, ఆ భావనను తిరిగి పనిలో పరీక్షించాలి. అమెరికా విద్యావేత్త డేవిడ్ కోల్బ్ 1984లో ఈ నాలుగు మెట్ల చక్రాన్ని సిద్ధాంతంగా చెప్పాడు. మన జిల్లా ఆడవాళ్లు దాన్ని బతుకులో చేసి చూపించారు. 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమం నడిపిన రాత్రి బడుల్లో, వాచకంలో సారా వల్ల చితికిపోయిన కుటుంబం కథ చదివి, దాన్ని తమ ఇళ్లతో పోల్చుకుని, కూర్చుని చర్చించుకున్న దూబగుంట మహిళలు 1992లో సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకడంతో 1993 అక్టోబరు 1 నుంచి సారాను నిషేధించారు, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. అక్కడ పాఠమూ, బతుకూ, చర్చా మూడూ ఒకే చోట జరిగాయి. మా పిల్లలకు పాఠం ఒక సెమిస్టర్‌లో, ఊరు వేసవి సెలవుల్లో వస్తున్నాయి, చర్చ ఎప్పుడూ రావడం లేదు.

సోషల్ వర్క్ కోర్సులు ఈ చిక్కును ఎప్పుడో పరిష్కరించుకున్నాయి. 1936లో బొంబాయిలో టాటా సంస్థతో మొదలైన ఆ చదువులో క్షేత్రంలో పనిచేయడం చదువులో అంతర్భాగమే. సాధారణంగా వారానికి రెండు రోజులు క్షేత్రంలో ఉంటారు, రాసిన నివేదికను ముందు పెట్టుకుని పర్యవేక్షకుడు ప్రతి విద్యార్థితోనూ విడిగా కూర్చుంటాడు. పర్యవేక్షణను అధ్యాపకుడి పనిగా లెక్కగడతారు. బీఏకు కూడా అంతే కావాలి.

పని నేర్చుకునే చోట్లకు మన దగ్గర కొదవ లేదు. 2019 అక్టోబరు 2న మొదలైన సచివాలయాలు ఊరూరా ఉన్నాయి. ఉపాధి హామీ పనులపై సామాజిక తనిఖీని 2006 నుంచే పెద్దఎత్తున నడిపిన అనుభవం మన రాష్ట్రానికుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది, కార్మిక శాఖ ఉంది. ఒంగోలు, టంగుటూరు, కొండపి వైపు పిల్లలకు పొగాకు వేలం కేంద్రాన్ని మించిన ఆర్థికశాస్త్ర ప్రయోగశాల ఏముంటుంది? వరుసగా పేర్చిన బేళ్ల మధ్య కొనుగోలుదారులు నడుస్తూ ధర కట్టడం, కొన్ని బేళ్లకు ఎవరూ ధర పలకక రైతు వాటిని మళ్లీ బండికెత్తుకుని పోవడం, పొగాకు కాల్చే కొట్టమైన బ్యారన్‌ను కౌలుకు తీసుకుని ఆకు కాల్చిన మనిషి అమ్మకం డబ్బు లైసెన్సుదారు ఖాతాలో పడేదాకా ఎదురుచూడడం ఒక్క సీజన్ దగ్గరుండి చూస్తే, కొనేవాళ్లు కొద్దిమందీ అమ్మేవాళ్లు వేలమందీ అయినప్పుడు ధర ఎవరి చేతిలో ఉంటుందో వేరే చెప్పాల్సిన పని లేదు.

కనుక మంత్రి గారూ, మొదటగా కోరేది క్షేత్ర పర్యవేక్షణను అధ్యాపకుడి బోధన గంటల్లో లెక్కించమని. ముఖ్యంగా పీరియడ్ల లెక్కన పారితోషికం తీసుకునే అతిథి అధ్యాపకులకు ఆ గంటలకు కూడా చెల్లించాలి. ఒక్కో అధ్యాపకుడికి ఇంతమంది విద్యార్థులే అన్న పరిమితి ఉండాలి. ప్రభుత్వ కార్యాలయాలు బీఏ విద్యార్థులను తీసుకునేలా జిల్లా కలెక్టర్ల ద్వారా ఉత్తర్వులు ఇప్పించి, ప్రతి కార్యాలయంలోనూ బాధ్యత వహించే ఒక అధికారి పేరు ముందే ప్రకటించాలి. ఇక్కడొక జాగ్రత్త: పిల్లలను జిరాక్సు కాగితాలు మోయడానికో, సిబ్బంది ఖాళీలు నింపడానికో వాడుకోకూడదని ఆ ఉత్తర్వులోనే రాయాలి. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకంతో అమ్మాయిలకు బస్సు ఖర్చు తప్పింది, అబ్బాయిలకు కూడా క్షేత్రానికి వెళ్లే దారికి పాస్ ఇప్పించండి. కూలింటి పిల్లలు వేసవిలో పనికి పోతేనే మరుసటి ఏడాది ఫీజు, పుస్తకాల ఖర్చు వెళ్లదీసుకుంటారు, వాళ్లకు ఈ గంటలకు ఎంతో కొంత భృతి ఇవ్వకపోతే దొంగ సర్టిఫికెట్లు ఆగవు.

జనం దగ్గర సమాచారం సేకరించేటప్పుడు ఏం అడగవచ్చో, ఏది బయటపెట్టకూడదో చెప్పే మార్గదర్శకాలు తెలుగులో తయారు చేయించండి. పిల్లలు రాసిన నివేదిక, వ్యక్తుల వివరాలు తీసేసి, ఆ ఊరి గ్రామసభలో చదివి వినిపించే ఏర్పాటు ఉండాలి. తమ గురించి రాసింది తప్పయితే ఊరివాళ్లే అక్కడికక్కడ దిద్దుతారు. మార్కుల్లో సగమైనా ఆ దిద్దుబాటు తర్వాతే వేయాలి.

రాష్ట్రమంతా ఒక్కసారి సాధ్యం కాదనుకుంటే, వచ్చే వేసవి ప్రాజెక్టులు మొదలయ్యేలోపు మా రెండు విశ్వవిద్యాలయాల బీఏ విభాగాల్లో దీన్ని ప్రయోగంగా చేపట్టించండి. పర్యవేక్షణకు ముందుకొచ్చే అధ్యాపకుల్లో నా పేరు కూడా చేర్చుకోవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
మీ విధేయుడు,
రాజనీతిశాస్త్ర అధ్యాపకుడు,
నెల్లూరు జిల్లా