థార్‌కి ముందు ఏం చేయిద్దాం?

విజయనగరం

ఒరే మావా,

నువ్వు కొన్న సెకండ్ హ్యాండ్ మహీంద్రా థార్ జీపుకి ఏమేం బిగించాలో రాసి పంపిన లిస్టు చూశాను. బండి ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్టు, దిగబడితే తాడు చుట్టి లాగే వించి మోటారు, ఇంజన్‌కి పైనుంచి గాలి అందించే స్నార్కెల్ గొట్టం, ముందు పెద్ద ఇనప కడ్డీల బుల్ గార్డు, టాపు మీద లైట్ల బారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుందిరా! బండి ఇంకా మందస తోట గేటు కూడా చూడలేదు. నవ్వుతున్నానని కోప్పడకు. డబ్బు నీదే గానీ, బురదలో దిగబడితే ఫోన్ వచ్చేది నాకే. అందుకే ఇంత రాస్తున్నాను.

ఏడాదంతా ఆ బండి ఎక్కడ తిరుగుతుందో చూడు. శ్రీకాకుళం నుంచి పదహారో నంబరు హైవే మీద పలాస దాకా, అక్కణ్ణుంచి మందస, తర్వాత తోటలోకి మట్టి బాట. వానల్లో జారుడు, ఎండల్లో నరికేసిన జీడి మొద్దులు, రాళ్లు. మనిద్దరికీ కుదిరితే సాలూరు ఘాటీ ఎక్కి ఒడిశాలో కొరాపుట్, దేవమాలి కొండ. ఇంతే కదా? ఈ దారికి నీ లిస్టులోవి ఏవీ ముందు వరసలోకి రావు.

సెకండ్ హ్యాండ్ బండి కాబట్టి మొదటి ఖర్చు బ్రేకులకి పెట్టు. ప్యాడ్లు చూపించు, బ్రేక్ ఆయిల్ మార్పించేయ్. అది గాల్లో తేమ పీల్చుకుంటుంది, ఘాటీ దిగేటప్పుడు వేడెక్కితే పెడల్ మెత్తబడిపోతుంది. సాలూరు ఘాటీకి నాలుగు చక్రాలూ లాగే ఫోర్ బై ఫోర్ అక్కర్లేదు, బ్రేకులు కావాలి.

తర్వాత టైర్లు. నీది 2021 ఎల్‌ఎక్స్ మోడల్ అన్నావు కాబట్టి కంపెనీ వేసిన 255/65 ఆర్18 సైజు ఏటీ టైర్లే, అంటే తారుకీ మట్టికీ పనికొచ్చే ఆల్ టెరైన్ రకమే ఉండాలి. అమ్మినవాడు మార్చాడేమో చూసుకో. టైరు పక్క గోడ మీద డాట్ అని ఉన్న వరసలో చివరి నాలుగు అంకెలు చూడు. 2321 అని ఉంటే 2021లో ఇరవై మూడో వారంలో తయారైందని. అంత పాతవైతే గాడులు ఎంత బాగున్నా రబ్బరు గట్టిపడిపోయి ఉంటుంది, డబ్బంతా ముందు అక్కడే పెట్టాలి. బాగుంటే మాత్రం ముట్టుకోకు. ఎంటీ, అంటే బురద కోసం చేసిన పెద్ద గాడుల టైర్లు చూడ్డానికి బాగుంటాయిరా, కానీ హైవే మీద ఆ రొద వినలేం, తడి తారు మీద పట్టు కూడా తక్కువ. మార్చాల్సొస్తే ఇదే సైజులో ఏటీ వేయించు. ఒకటి గుర్తుపెట్టుకో, మొద్దు గుచ్చుకుని పక్క గోడ చిరిగితే పంక్చర్ షాపువాడు కూడా ఏం చెయ్యలేడు. స్టెప్నీ ఎలా ఉందో కూడా చూడు.

నన్నడిగితే అసలు అప్‌గ్రేడ్ గాలేరా. డోరు పక్కన స్టిక్కర్ మీద ఉన్న ప్రెషర్ తారు రోడ్డు కోసం. మెత్తటి మట్టిలోకో ఇసుకలోకో దిగే ముందు గాలి ప్రెషర్ పద్దెనిమిది, ఇరవై పీఎస్ఐకి (గేజి మీద చూపించే లెక్క) దించి చూడు. టైరు నేల మీద పొడుగ్గా పరుచుకుంటుంది, అంతకు ముందు గుంత తవ్వుకున్న బండే మెల్లగా పైకొచ్చేస్తుంది. మరీ పన్నెండుకి దించేస్తే మలుపులో టైరు రిమ్ము వదిలేస్తుంది, జాగ్రత్త. గాలి తక్కువున్నప్పుడు స్పీడ్ కూడా తక్కువే. హైవే ఎక్కే ముందు మళ్ళీ నింపాలి, మందసలో ఆ వేళకి గాలి కొట్టేవాడు దొరకొద్దూ? అందుకని ఒక మంచి ప్రెషర్ గేజి, బ్యాటరీకి నేరుగా క్లిప్పులు పెట్టే కంప్రెసరు కొను. సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టే చిన్నవి ఈ సైజు టైరు నింపేలోపే వేడెక్కిపోతాయి.

ఆ తర్వాత తాడు. వించి ఎందుకురా, మీ ఊళ్లో ట్రాక్టర్లున్నాయి. కానీ లారీలకి కట్టే పాత తాడు, ఇనప కొక్కెం వద్దు. తెగితే ఆ కొక్కెం మనిషి ప్రాణం తీస్తుంది. సాగే కైనెటిక్ తాడు, తాడుని బండికి తగిలించడానికి 4.75 టన్నుల రేటింగ్ ముద్ర ఉన్న షాకిళ్లు (పిన్నుతో మూసే ఇనప కొలికిలు) రెండు తీసుకో. చాసిస్‌కి గట్టిగా బిగించిన టో పాయింట్లు, అంటే తాడు కట్టే చోట్లు, ముందూ వెనకా ఎక్కడున్నాయో ఇప్పుడే వెతికి పెట్టు. బంపరుకి గానీ ట్రైలరు లాగే గుండుకి గానీ కట్టకు. లాగేటప్పుడు తాడు మధ్యలో తడి గోనెసంచి వేసి, చూడ్డానికొచ్చిన జనాన్ని దూరంగా తోలెయ్యి. మన దగ్గర అదే కష్టం, బండి దిగబడితే తిరనాళ్లే కదా!

లిఫ్ట్ కిట్టు గురించి కాస్త వివరంగా చెప్పాలి, నీ మనసు దాని మీదే ఉంది కాబట్టి. థార్ నేలకి 226 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది. వెనక ఇరుసు ఒకే కడ్డీలాంటిది, మధ్యలో వేలాడే డిఫరెన్షియల్ గుండే (రెండు వెనక చక్రాలకీ శక్తిని పంచే గేర్ల పెట్టె) మొద్దుకి తగిలేది. స్ప్రింగులు ఎంత పెంచినా బాడీ లేస్తుంది గానీ ఆ గుండు లేవదు. అది లేవాలంటే పెద్ద టైరు వెయ్యాలి, అప్పుడు స్పీడోమీటరు తప్పు చూపిస్తుంది. పైగా ముందు ఇరుసు జాయింట్ల మీద భారం, ఘాటీ మలుపుల్లో బండి ఊగుడు. ఆ డబ్బుతో బండి కింద దెబ్బ తగలకుండా కాపాడే స్కిడ్ ప్లేట్లు వేయించు, మొద్దులకి అదే మందు.

బుల్ గార్డు మాట ఎత్తకు. 2017 డిసెంబర్‌లోనే కేంద్రం వద్దంది, ఎయిర్‌బ్యాగ్ సెన్సార్లకి అడ్డం. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కంపెనీ స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండి మార్చకూడదంది. రేపు ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లో ఇదే పట్టుకుంటారు. లైట్ల బారూ అంతే. ఎదురొచ్చే లారీ డ్రైవర్ కళ్లు మూసుకోవాలి, పొగమంచులో ఆ తెల్లకాంతి మనకే తిరిగి కొడుతుంది.

స్నార్కెల్ సంగతి తర్వాత చూద్దాం, అదీ రూల్ ఒప్పుకుంటేనే. అది ఉంది కదా అని పొంగే గెడ్డలోకి మాత్రం దిగొద్దు. కంపెనీ చెప్పిన 650 మిల్లీమీటర్ల లోతు నిలవ నీటికి. ప్రవాహం బండిని పక్కకి నెట్టేస్తుంది, స్నార్కెల్ ఏం చేస్తుంది? నాగావళి, వంశధార సంగతి నీకు నేను చెప్పాలా!

టైర్ల మీద అంకెలు ఫోటో తీసి పంపు. కొత్తవి కావాలని తేలితే ఇక్కడ రేటు కనుక్కుంటాను. ఇసుకలో గాలి తగ్గించడం నేర్పిస్తాలే. జనవరి నుంచి మార్చి దాకా మాత్రం కళింగపట్నం, బారువ తీరాలు వద్దు, తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం. మీ తోట పక్క ఇసుక దిబ్బలు చాలు. అమ్మని అడిగానని చెప్పు, జీడిపప్పు మర్చిపోకు.

నీ మావ