మూత్రాశయ క్యాన్సర్ అంటే చాలదు, ఏ రకమో కూడా రాయించండి

రాష్ట్ర ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

చిత్తూరు నుంచి రాస్తున్నాను. మా పెద్దమ్మకు మూత్రంలో రక్తం పడితే ఇన్‌ఫెక్షన్ అన్నారు, మాత్రలు మార్చి మార్చి ఇచ్చారు. ఆడవాళ్ల విషయంలో ఈ ఆలస్యం తరచూ జరుగుతుంది. చివరికి గడ్డలో ముక్క తీసి పరీక్షిస్తే, రిపోర్టులో మూత్రాశయ క్యాన్సర్ అని మాత్రమే ఉంది. ఆ ముక్క నుంచి చేసిన గాజు స్లైడులను వేరే ఊళ్లో చూపించాకే అది స్మాల్ సెల్ రకమని తేలింది.

ఈ క్యాన్సర్లలో దాదాపు 90 శాతం యూరోథీలియల్ రకానివే, అంటే మూత్రాశయం లోపలి పొర కణాల నుంచి పుట్టినవే. మిగతావి అరుదు కాబట్టి ఎవరి దృష్టికీ రావు. కానీ రకాన్ని బట్టి వైద్యమే మారిపోతుంది. స్మాల్ సెల్ త్వరగా ఇతర అవయవాలకు పాకుతుంది, అందుకే గడ్డ మూత్రాశయం దాటకపోయినా ముందు కీమో ఇచ్చి, ఆ తర్వాత ఆపరేషనో రేడియేషనో చేస్తారు. ఏళ్ల తరబడి రాళ్లు, కాథెటర్ ఉన్నవారికి వచ్చే స్క్వామస్ రకానికి కీమో అంతగా లొంగదు, ఆపరేషనే ప్రధానం. గ్రంథి కణాల క్యాన్సరైన అడినోకార్సినోమా కనిపిస్తే పేగు నుంచి పాకిందేమో ముందు చూడాలి. అది మూత్రాశయం పైకొనలో, ఉరాకస్ (గర్భంలో ఉన్నప్పుడు మూత్రాశయాన్ని బొడ్డుతో కలిపే నాళం) అవశేషం నుంచి పుట్టినదైతే, చాలామందికి మూత్రాశయం మొత్తం తీయకుండా ఆ భాగాన్ని ఉరాకస్, బొడ్డుతో కలిపి తీస్తే సరిపోతుంది. రకం రాయని రిపోర్టు వల్ల అనవసరంగా మూత్రాశయం పోవచ్చు, అవసరమైన కీమో అందకనూ పోవచ్చు.

రోగి ఎన్నాళ్లు బతుకుతారన్న ప్రశ్నకు జవాబూ ఆ రకం మీదే ఆధారపడి ఉంది. అమెరికా లెక్కల్లో అన్ని రకాలూ కలిపి ఐదేళ్లు బతికేవారు సుమారు 78 శాతం. ఆ సగటు ఎక్కువగా తొలిదశలో దొరికిన యూరోథీలియల్ రకానిది. ఫోనులో ఆ అంకె చూసి మా ఇంట్లో అందరం ధైర్యం తెచ్చుకున్నాం. స్మాల్ సెల్ రోగికి అది వర్తించదని ఏ డాక్టరూ కూర్చోబెట్టి చెప్పలేదు. నిజం చెబితే రోగి కుంగిపోతాడనే వాదన నాకు నచ్చదు. ఏం చేయాలో నిర్ణయించుకునే హక్కు పెద్దమ్మది.

తిరుపతిలో స్విమ్స్ పెద్దాసుపత్రి ఉంది, టాటా ట్రస్టుల క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. జిల్లాల్లో తీసిన ప్రతి మూత్రాశయ బయాప్సీని, పెద్ద చికిత్స మొదలుపెట్టే ముందు, అక్కడి అనుభవజ్ఞులైన పాథాలజిస్టులు మరోసారి చూసే ఏర్పాటు చేయండి. రకం, గడ్డ కండరంలోకి దిగిందా లేదా అన్న సంగతి లేని రిపోర్టుతో వైద్య సేవ పథకంలో ఆపరేషన్‌కు అనుమతి ఇవ్వకండి. అయితే ఆ రెండో పరీక్ష పేరుతో రోగిని వారాల తరబడి నిలబెట్టకూడదు, దానికి గడువు పెట్టండి, ఖర్చు పథకమే భరించాలి. స్లైడులు, బ్లాకులు (మైనంలో భద్రపరిచిన గడ్డ ముక్కలు) అడిగిన కుటుంబానికి వెంటనే ఇవ్వాలని ఆసుపత్రులన్నింటికీ రాతపూర్వకంగా ఆదేశించండి.

ఇట్లు,
చిత్తూరు పౌరుడు