ఈ నెల పిల్లల పుస్తకం గురించి

సభ్యులకు నమస్కారం. ఈ నెల పిల్లలతో చదివించడానికి, అమెరికాలో వర్ణవివక్ష కాలంనాటి నల్లజాతి బేస్‌బాల్ ఆటగాళ్ల చరిత్రను చెప్పే బొమ్మల పుస్తకాన్ని ఎంచుకున్నాము. శ్వేతజాతి జట్లు చోటివ్వకపోవడంతో నల్లజాతి ఆటగాడు, జట్టు యజమాని రూబ్ ఫాస్టర్ 1920లో కాన్సాస్ సిటీలో నీగ్రో నేషనల్ లీగ్‌ను స్థాపించారు. హోటళ్లు గదులివ్వక ఆటగాళ్లు బస్సుల్లోనే నిద్రించిన ఆ రోజుల్లో, కాన్సాస్ సిటీ మోనార్క్స్ జట్టు 1930లోనే దీపాలను లారీలపై వెంట తీసుకెళ్లి రాత్రిపూట ఆడింది. అప్పట్లో శ్వేతజాతి ఆటగాళ్లకే పరిమితమైన అగ్రశ్రేణి పోటీలైన మేజర్ లీగుల్లో తొలి రాత్రి ఆట 1935లో గాని జరగలేదు.

నల్లజాతి లీగుల్లో గొప్ప బ్యాటర్ అయిన జోష్ గిబ్సన్ కథ పిల్లలను కలచివేయవచ్చు, అయినా దాటవేయవద్దని మనవి. ఆధునిక మేజర్ లీగుల్లో తొలి నల్లజాతి ఆటగాడిగా జాకీ రాబిన్‌సన్ 1947 ఏప్రిల్‌లో బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున మైదానంలో దిగడానికి మూడు నెలల ముందే గిబ్సన్ కన్నుమూశారు. 2024లో నల్లజాతి లీగుల గణాంకాలను మేజర్ లీగు రికార్డుల్లో చేర్చినప్పుడు, .372 బ్యాటింగ్ సగటుతో (ఇది క్రికెట్ సగటు వంటిది కాదు, బ్యాటింగ్ అవకాశాల్లో ఎన్నింట బంతిని కొట్టి బేస్ చేరారో చెప్పే నిష్పత్తి అని పిల్లలకు ముందే చెప్పండి) గిబ్సన్ అంతవరకు ముందున్న మేజర్ లీగు ఆటగాడు టై కాబ్‌ను దాటి ప్రథమ స్థానానికి చేరారు.