గ్రిడ్ వరుసల్లోని చెక్‌బాక్సుల గురించి మా అమ్మాయికి ఉత్తరం

చిరంజీవి అమ్మాయికి,

అమ్మ ఆశీస్సులు. గ్రిడ్‌ను, అంటే రికార్డులను వరుసలుగా చూపే పట్టికను, ఒక కాలమ్ ప్రకారం సార్ట్ చేశాక, ఒక రికార్డు పక్కన టిక్ పెడితే ఇంకో రికార్డు స్థితి మారిపోతోందనీ, కోడు ఎంత వెతికినా తప్పు దొరకడం లేదనీ రాశావు. నువ్వు పంపిన కోడు నిదానంగా చదివాను. ఈవెంట్, అంటే ఎవరో నొక్కారన్న కబురు, రావలసిన చోటికి రావలసినట్టే వస్తోంది. అది వచ్చాక నీ ఫంక్షన్ వేస్తున్న ప్రశ్నే సరైనది కాదు. నొక్కిన చెక్‌బాక్స్ ఎన్నో వరుసలో ఉందని అది అడుగుతోంది. అడగవలసింది ఆ చెక్‌బాక్స్ ఏ రికార్డుకు చెందినదని.

మొదటిసారి గ్రిడ్ తెరిచినప్పుడు ఈ రెండు ప్రశ్నలకూ ఒకటే జవాబు వస్తుంది కనుక పరీక్షల్లో తేడా బయటపడదు. సార్ట్ చేసినా, ఫిల్టర్ పెట్టినా, రెండో పేజీకి వెళ్లినా, ఈలోగా మరొకరు పైనున్న రికార్డును తొలగించినా వరుస సంఖ్య మారిపోతుంది, రికార్డును గుర్తించే ఐడీ మాత్రం మారదు. వరుస సంఖ్యను నమ్ముకోవడం అంటే పేరు పిలవకుండా బెంచీని బట్టి హాజరు వేయడమే. అందుకని గ్రిడ్ గీసేటప్పుడే ప్రతి వరుస ట్యాగ్ మీద డేటా ఆట్రిబ్యూట్‌గా (ట్యాగ్‌కు మనం తగిలించే అదనపు సమాచారంగా) ఆ రికార్డు ఐడీని రాసిపెట్టు. ఈవెంట్ వచ్చినప్పుడు చెక్‌బాక్స్ నుంచి పైకి వెతుక్కుంటూ వెళ్లే క్లోజెస్ట్ మెథడ్‌తో దాని వరుసకు ఎక్కి, అక్కడి ఐడీని చదువుకో.

నీ కోడులో ప్రతి చెక్‌బాక్స్‌కూ విడిగా ఒక లిజనర్‌ను, అంటే ఈవెంట్ కోసం కాచుకునే కోడును, తగిలించావు. తప్పేమీ కాదు గానీ, సర్వర్ నుంచి కొత్త వరుసలు వచ్చి చేరిన ప్రతిసారీ వాటికి మళ్లీ తగిలించాలని గుర్తుపెట్టుకోవాలి, పాతవాటికి రెండోసారి తగిలించకుండానూ చూసుకోవాలి. విలువ మారినప్పుడు వచ్చే ఛేంజ్ ఈవెంట్ లోపలి ట్యాగ్ నుంచి బయటి ట్యాగ్‌లకు పైకి ప్రయాణించే రకం కాబట్టి మొత్తం టేబుల్ బాడీకి ఒక్క లిజనర్ పెడితే ఇప్పుడున్న వరుసలూ రేపు వచ్చే వరుసలూ దాని కిందికే వస్తాయి. అప్పుడు ఈవెంట్‌లోని టార్గెట్ నిజంగా నొక్కిన చెక్‌బాక్స్‌ను చూపిస్తుంది, కరెంట్‌టార్గెట్ నువ్వు లిజనర్ పెట్టిన టేబుల్ బాడీని చూపిస్తుంది. ఈ రెంటినీ తారుమారు చేసుకుంటే ఎక్కడ నొక్కినా అదే జవాబు వస్తుంది, అది గమనించు.

ఇక్కడే ఇంకో సంగతి చెప్పాలి, నా దృష్టిలో ఇది లిజనర్ ఎక్కడ పెట్టాలన్న చర్చకంటే ముఖ్యమైనది. నీ గ్రిడ్‌లో ఒకే వరుసలో రెండు చెక్‌బాక్సులు ఉన్నాయి. మొదటిది ఆ వరుసను ఎంచుకోవడానికి, రెండోది ఆ రికార్డు చెల్లుబాటులో ఉందో లేదో చెప్పడానికి. చూడటానికి రెండూ ఒకేలా ఉన్నా వాటి స్వభావం పూర్తిగా వేరు. మొదటిది స్క్రీన్‌కు సంబంధించినది: వాడుకరి పేజీ మూసేస్తే పోవచ్చు, సర్వర్‌కు చెప్పవలసిన అవసరమే లేదు. రెండోది డేటాబేస్‌లోని ఒక ఫీల్డ్: అది మారితే సేవ్ కావాలి, సేవ్ కాకపోతే వాడుకరికి తెలియాలి. రెంటినీ ఒకే హ్యాండ్లర్‌లో (ఈవెంట్ వస్తే నడిచే ఫంక్షన్‌లో) కలిపి, లోపల షరతులతో విడదీయాలని చూశావు. వాటికి వేర్వేరు క్లాసులు ఇచ్చి, రెండు ఫంక్షన్లు రాయి. కోడు కాస్త పెరిగినా ఆరు నెలల తర్వాత చదివేవాళ్లకు అర్థమవుతుంది.

ఇక క్లిక్ వినాలా, ఛేంజ్ వినాలా అన్న నీ ప్రశ్న. చెక్‌బాక్స్ మీద నొక్కినప్పుడు బ్రౌజర్ ముందుగా దాని చెక్డ్ విలువను (టిక్ ఉందా లేదా అన్నదాన్ని) తిప్పేస్తుంది, ఆ తర్వాత క్లిక్ హ్యాండ్లర్లను పిలుస్తుంది, అవి ముగిశాక ఇన్‌పుట్, ఛేంజ్ ఈవెంట్లు వస్తాయి. అందుకే క్లిక్ హ్యాండ్లర్ లోపల చదివినా కొత్త విలువే కనిపిస్తుంది. అక్కడ బ్రౌజర్ సహజంగా చేసే పనిని ఆపే ప్రివెంట్‌డిఫాల్ట్ పిలిస్తే మాత్రం హ్యాండ్లర్లన్నీ ముగిశాక బ్రౌజర్ పాత విలువను తిరిగి పెట్టేస్తుంది, ఛేంజ్ రానే రాదు. టిక్ పడినట్టే పడి మాయమవుతోందని ఎవరైనా ఫిర్యాదు చేస్తే ముందుగా అనుమానించవలసింది దీన్నే. దీనికి తోడు, లేబుల్ మీద నొక్కితే లేబుల్‌కు ఒక క్లిక్, దాని తరఫున చెక్‌బాక్స్‌కు మరో క్లిక్ వస్తాయి. పైనున్న వరుసకు రెండూ అందుతాయి. ఛేంజ్ మాత్రం ఒక్కసారే వస్తుంది, స్పేస్ మీటతో టిక్ పెట్టినా వస్తుంది. కాబట్టి ఛేంజ్‌నే ఎంచుకో. షిఫ్ట్ పట్టుకుని ఒక వరుస నుంచి మరో వరుస దాకా ఒకేసారి ఎంచుకునే సౌకర్యం కావాలంటే మాత్రం క్లిక్ అవసరమవుతుంది, ఎందుకంటే షిఫ్ట్ నొక్కి ఉందో లేదో ఛేంజ్ ఈవెంట్ చెప్పదు.

ఒక జాగ్రత్త. జావాస్క్రిప్ట్‌లో నువ్వే చెక్డ్ విలువను మార్చితే ఛేంజ్ ఈవెంట్ రాదు. తలవరుసలోని "అన్నీ ఎంచుకో" నొక్కితే కిందివన్నీ టిక్ అవుతున్నాయి గానీ ఎంచుకున్నవాటి లెక్క మారడం లేదని రాశావే, దానికి కారణం ఇదే. ఈవెంట్‌ను కృత్రిమంగా పంపే పని పెట్టుకోకు. ఎంపికను మార్చే ఫంక్షన్‌ను విడిగా రాసి, ఒక్క వరుస నొక్కినప్పుడూ, అన్నీ నొక్కినప్పుడూ దాన్నే పిలువు.

వరుస మీద ఎక్కడ నొక్కినా వివరాల పేజీ తెరుచుకునేలా చేశావు, అందుకే టిక్ పెట్టబోతే పేజీ మారిపోతోంది. నీ సహోద్యోగి సూచించినట్టు చెక్‌బాక్స్ దగ్గర ఈవెంట్ పైకి పోకుండా ఆపే స్టాప్‌ప్రాపగేషన్ పెడితే ఆ సమస్య తీరుతుంది, కాదనను. కానీ పైన ఇంకెవరైనా అదే క్లిక్ కోసం చూస్తూ ఉండవచ్చు: బయట నొక్కితే మూసుకునే మెనూ కోడు ఉందనుకో, చెక్‌బాక్స్ నొక్కినప్పుడు అది మూసుకోదు, ఎందుకో ఎవరికీ తెలియదు. అంతకంటే వరుస హ్యాండ్లర్ మొదట్లోనే, నొక్కినది ఇన్‌పుట్, బటన్, లింక్, లేబుల్ వీటిలో దేని లోపలైనా ఉందా అని క్లోజెస్ట్‌తో చూసి, ఉంటే వెనుదిరగడం మేలు.

తలవరుసలోని చెక్‌బాక్స్‌కు మూడో రూపం ఒకటి ఉంది: కొన్నే ఎంచుకున్నప్పుడు చూపించే అడ్డగీత. ఆ ఇన్‌డిటర్మినేట్ స్థితిని హెచ్‌టీఎంఎల్ ఆట్రిబ్యూట్‌గా రాయడం కుదరదు, జావాస్క్రిప్ట్ నుంచే పెట్టాలి. దాన్ని ఎక్కడా దాచిపెట్టకు. ఎంచుకున్న ఐడీలనూ, కనిపిస్తున్న ఐడీలనూ పోల్చి ప్రతిసారీ కొత్తగా లెక్కగట్టు. "అన్నీ" అంటే ఈ పేజీలోనివా, ఫిల్టర్‌కు సరిపోయే మొత్తమా అన్నది మీ బృందం తేల్చుకోవలసిన విషయం. తొలగించే బటన్ ఉన్న గ్రిడ్‌లో ఇది అస్పష్టంగా ఉంటే చాలా ప్రమాదం.

ఎంచుకున్న ఐడీలను ఒక సెట్‌లో (ఒకే ఐడీ రెండుసార్లు చేరని జాబితాలో) ఉంచు, స్క్రీన్ మీది టిక్‌లను చదివి లెక్కపెట్టకు. కనిపించే వరుసలను మాత్రమే గీసే వర్చువల్ గ్రిడ్‌లో స్క్రోల్ చేస్తే పైకి వెళ్లిపోయిన వరుసల ఎలిమెంట్లు ఉండవు, లేదా వాటినే కింది రికార్డులకు మళ్లీ వాడుకుంటారు. అప్పుడు ఒకరి టిక్ మరొకరి పక్కన ప్రత్యక్షమవుతుంది. రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీలో రాసినా ఇదే సూత్రం: వరుసకు కీగా (గుర్తుగా) మ్యాప్ ఫంక్షన్ ఇచ్చే వరుస సంఖ్యను కాకుండా రికార్డు ఐడీని ఇవ్వు, చెక్డ్ విలువను సెట్ నుంచే ఇవ్వు.

మీ ఆఫీసులోని పాత ప్రాజెక్టు మైక్రోసాఫ్ట్ వారి ఏఎస్‌పీ డాట్ నెట్ వెబ్ ఫార్మ్స్‌లో ఉందన్నావు. అందులోని గ్రిడ్‌వ్యూ 2005లో 2.0 వెర్షన్‌తో వచ్చింది, అక్కడి నడక వేరు. టెంప్లేట్ ఫీల్డ్‌లో పెట్టిన చెక్‌బాక్స్ మారిన వెంటనే సర్వర్‌కు తెలియాలంటే మార్పు జరగగానే పేజీని సర్వర్‌కు పంపే ఆటోపోస్ట్‌బ్యాక్ ట్రూ అని ఉండాలి. ఆ మార్పు రోకమాండ్ ఈవెంట్‌కు రాదు, అది బటన్ల కోసం ఉన్నది. చెక్‌బాక్స్‌కే చెక్డ్‌ఛేంజ్డ్ హ్యాండ్లర్ ఇవ్వాలి. ఆ హ్యాండ్లర్‌లో సెండర్‌ను (ఈవెంట్ పంపినదాన్ని) చెక్‌బాక్స్‌గా తీసుకుని, దాన్ని తనలో ఉంచుకున్న నేమింగ్‌కంటైనర్ ద్వారా వరుసను పట్టుకుని, వరుసల ఐడీలను దాచే డేటాకీస్ నుంచి ఐడీ తీసుకోవాలి. అక్కడ వరుస సంఖ్య వాడినా అది డేటాకీస్‌లో వెతకడానికే తప్ప రికార్డును గుర్తించడానికి కాదు. హ్యాండ్లర్ అసలు పిలవబడకపోతే పేజీ తెరుచుకున్నప్పుడు నడిచే పేజ్‌లోడ్ చూడు: పోస్ట్‌బ్యాక్ (అదే పేజీ తిరిగి సర్వర్‌కు వచ్చిన సందర్భం) అవునో కాదో చూడకుండా ప్రతిసారీ డేటాబైండ్ చేసి గ్రిడ్‌ను మళ్లీ నింపుతుంటే, వాడుకరి పెట్టిన టిక్ హ్యాండ్లర్ దాకా చేరకముందే కొత్త వరుసలు వచ్చి దాన్ని తుడిచేస్తాయి.

మామూలు ఫారంతో పంపేటప్పుడు టిక్ లేని చెక్‌బాక్స్ గురించి బ్రౌజర్ ఏమీ పంపదు. టిక్ తీసేశారా, ఆ రికార్డు అసలు ఈ పేజీలోనే లేదా అన్నది సర్వర్‌కు తెలిసే మార్గం ఉండదు. కాబట్టి పేజీలో చూపించిన ఐడీల జాబితాను కూడా దాచిన ఫీల్డ్‌లో పంపాలి. విలువ ఇవ్వని చెక్‌బాక్స్ టిక్ ఉన్నప్పుడు "ఆన్" అనే మాట ఒక్కటే పంపుతుంది, దానితో ఏ రికార్డో తేలదు. విలువగా ఐడీనే ఇవ్వు.

చెల్లుబాటు చెక్‌బాక్స్‌ను సేవ్ చేసేటప్పుడు "తిప్పు" అని సర్వర్‌కు చెప్పకు. ఫలానా ఐడీకి ఫలానా విలువ ఉండాలని చెప్పు. నెట్‌వర్క్ ఆగి అదే అభ్యర్థన రెండోసారి వెళ్లినా అప్పుడు ఫలితం చెడదు. వాడుకరి వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే జవాబులు వెనుకాముందుగా రావచ్చు. ఒక ఐడీకి ఒక అభ్యర్థన ముగిశాకే తర్వాతిది పంపు. సేవ్ విఫలమైతే టిక్‌ను పాత స్థితికి తెచ్చి, ఎందుకు తెచ్చావో ఆ వరుస దగ్గరే చెప్పు. ఆ ఐడీని మార్చే హక్కు వాడుకరికి ఉందో లేదో సర్వర్‌లో చూడటం మరిచిపోకు, పేజీలోని ఐడీని ఎవరైనా మార్చి పంపవచ్చు.

స్క్రీన్ రీడర్ వాడేవాళ్లకు ప్రతి చెక్‌బాక్స్ దేనిదో వినిపించాలి. వట్టి "చెక్‌బాక్స్" అన్న మాట వరసగా యాభై సార్లు వింటే ఎవరికి ఏం తెలుస్తుంది? ఆ రికార్డు పేరుతో ఏరియా లేబుల్ (aria-label, స్క్రీన్ రీడర్ చదివే పేరు) ఇవ్వు. నొక్కే చోటు కనీసం 24 పిక్సెళ్ల పొడవు, వెడల్పు ఉండేలా చూడు, వెబ్ అందరికీ అందుబాటులో ఉండాలని 2023లో వెలువడిన డబ్ల్యూసీఏజీ 2.2 మార్గదర్శకాలు అడిగేది దాదాపు అంతే.

ముందుగా ఐడీ మార్పు ఒక్కటే చేసి చూడు, మిగతావన్నీ ఒకేసారి ముట్టుకోకు. గ్రిడ్‌ను సార్ట్ చేసి, ఫిల్టర్ పెట్టి, రెండో పేజీలోని మధ్య వరుసలో టిక్ పెట్టి, బ్రౌజర్ నెట్‌వర్క్ ట్యాబ్‌లో వెళ్తున్న ఐడీ ఏదో చూడు. అది స్క్రీన్ మీది రికార్డుదే అయితే ఆ పరీక్షను అలాగే ఆటోమేటెడ్ టెస్టుగా రాసి, వరుస మీద క్లిక్ సంగతికి రా.

ఆశీస్సులతో,
అమ్మ