గాలిమరలకూ తెల్లకార్డే!

సంపాదకులు గారికి,

పోయిన వారం మీ జిల్లా పేజీలో గాలిమరల మీద వేసిన వార్త చూశాను. ‘కాలుష్యం లేని కరెంటు’ అని పెద్దక్షరాల్లో పెట్టారు. ఫొటోలో కొండ నెత్తిన తెల్లటి స్తంభం, వెనక నీలాకాశం. బాగుంది. కెమెరాను ఒక్క బెత్తెడు కిందికి దించి ఉంటే కొండను కోసి వేసిన దారి కూడా పడేది. రాయాలా వద్దా అని నాలుగు రోజులు ఊగాను. ‘రాసి పోస్టు చేసెయ్యండి, రోజూ ఈ ఉపన్యాసం నేను వినలేను’ అంది మా ఆవిడ.

నేను గాలిమరలకు శత్రువునేం కాదు. బొగ్గు పొగ కంటే గాలి మేలని ముప్పయ్యేళ్లు సైన్సు పాఠం చెప్పినవాణ్ని. తొంభైల్లో రామగిరి వైపు మొదటి ఫ్యాన్లు లేచినప్పుడు పిల్లల్ని బస్సెక్కించి తీసుకెళ్లి మరీ చూపించాను. నా గొడవల్లా ఒకటే. కొండ మీద ఇప్పుడేముంది, ఫ్యాన్లు వచ్చాక ఏం మిగులుతుంది అని ముందుగా చూసి కాగితం మీద పెట్టే బాధ్యత ఎవరికీ లేదు.

నమ్మరేమో! పర్యావరణ అనుమతి ఏయే ప్రాజెక్టులకు కావాలో చెప్పే 2006 నోటిఫికేషన్ జాబితాలో పవన విద్యుత్తు లేనే లేదు. 20 వేల చదరపు మీటర్ల అపార్ట్‌మెంట్లు కట్టాలంటే అనుమతి కావాలి. వంద మీటర్లు దాటిన స్తంభాలను కొండ పొడవునా పాతుకుంటూ పోతే అక్కర్లేదు. ప్రజాభిప్రాయ సేకరణా లేదు. 2016లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కాలుష్యం తీవ్రతను బట్టి పరిశ్రమలకు రంగులు పంచినప్పుడు కొత్తగా తెల్లరంగు ఒకటి చేర్చి గాలిమరల్ని అందులో వేసింది. మేం పెడుతున్నామని ఒక సమాచారం పంపితే చాలు. అంటే తెల్లకార్డే! మా వీధిలో ముసలామె తెల్లకార్డు బియ్యానికి వేలిముద్ర పడక మూడుసార్లు తిరిగింది. ఆ తిరుగుడు కూడా ఈ గాలిమరల కంపెనీలకు లేదు.

అడవి భూమైతే 1980 నాటి అటవీ చట్టం ఉంది. మా కొండలు చాలావరకు రెవెన్యూ లెక్కల్లో బంజరు. సంతకం పెట్టేవాళ్లకు బంజరంటే ఏమీ లేనిదని అర్థం. కల్పవల్లి గుర్తుందా? ముష్టికోవెల చుట్టుపక్కల ఊళ్లవాళ్లు టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ తోడుతో ఏళ్ల తరబడి కాపలా కాసి, మంటలార్పి, వేల ఎకరాల బోడికొండల్ని పచ్చగా చేసుకున్నారు. బోదగడ్డి, ఈతచెట్లు, తోడేళ్లు తిరిగొచ్చాయి. రికార్డులో అదీ బంజరే. అక్కడా గాలిమరలు లేచాయి, వ్యవహారం హరిత ట్రిబ్యునల్ దాకా పోయింది. అంత జరిగినా నేర్చుకున్నది సున్నా.

ఫ్యాను రెక్క ఒక్కటి యాభై మీటర్ల పొడవుంటుంది. అది లారీ మీద మలుపు తిరగాలంటే దారి ఎంత వెడల్పు ఉండాలో మీరే చెప్పండి. మా ఊరి వెనక కొండకు అలా కోసిన మట్టీ రాళ్లూ పక్క వాలులోకే తోసేశారు. మొదటి పెద్దవానకు అదంతా వంకలోకి, వంకలోంచి కుంటలోకి దిగింది. జీవాలు నీళ్లు తాగేది ఆ కుంటలోనే. ఇప్పుడు మోకాలి లోతు కూడా లేదు, ఎర్రటి బురద. ‘కుంట పూడలేదు మామా, కొండే దిగొచ్చి కూచుంది’ అన్నాడు గొర్రెలు కాసే మా చుట్టం.

అర్జీ పట్టుకుని ఒక ఆఫీసుకు పోతే పక్కాఫీసు అన్నారు. వాళ్లు మూడో ఆఫీసు చూపించారు. అక్కడ కుర్చీలో ఉన్నాయన ‘గాలిమరలకు పొల్యూషన్ ఉండదు కద సార్’ అని నాకే పాఠం చెప్పాడు. నా దగ్గర తొమ్మిదో తరగతి చదివిన పిల్లాడే. తప్పు నాదే అయి ఉంటుంది.

ఇక పక్షులు. మహారాష్ట్రలో సతారా దగ్గరి చాల్కేవాడి పీఠభూమి మీద శాస్త్రవేత్తలు లెక్కపెట్టి 2018లో ప్రచురించారు. గాలిమరలు లేనిచోట కంటే ఉన్నచోట గద్దలూ డేగలూ దాదాపు నాలుగో వంతే. వాటి బెడద తగ్గి తొండలు పెరిగాయట. మన కొండల మీద ఎవరు లెక్కపెట్టారు? తెల్లారేలోగా చచ్చిన పిట్టను కుక్కో నక్కో ఎత్తుకుపోతే ఒక్కటీ చావలేదని రాసుకోవచ్చు. బట్టమేకపిట్ట కోసం రోళ్లపాడులో అభయారణ్యం పెట్టుకున్న రాష్ట్రం మనది. ఇప్పుడు అక్కడ ఆ పిట్ట కనబడితే అదే పేపర్లో వార్త.

ఇళ్లకు 500 మీటర్ల దూరం పాటించాలని 2016 కేంద్ర మార్గదర్శకాల్లో ఉంది. టేపు పట్టుకుని వచ్చినవాణ్ని నేనైతే చూడలేదు. ఆషాఢం గాలికి రాత్రంతా బుస్సు బుస్సుమనే చప్పుడు మాత్రం వింటున్నాం. ఈ ఫ్యాన్లే మబ్బుల్ని తరిమేస్తున్నాయని మా ఊళ్లో సగం మంది నమ్మకం. కాదని నేను వాదిస్తే ‘మీరు కొలిచినారా సారూ?’ అంటారు. నేను కొలవలేదు. కొలవాల్సినవాళ్లూ కొలవలేదు. ఇంక ఏ మొహం పెట్టుకుని వాదించను?

ఏడాది పొడవునా పక్షుల లెక్క, వంకలూ కుంటల మ్యాపు, ఊళ్లో ఒక్క బహిరంగ విచారణ, రెండేళ్లకు మళ్లీ ఓసారి తనిఖీ. మేం అడిగేది ఇంతే. వందల కోట్లు పెట్టేవాళ్లకు ఇది టీ ఖర్చు. మీ పేపరూ తక్కువ తినలేదు. ఒకప్పుడు విలేకరి కొండెక్కి చూసొచ్చి రాసేవాడు. ఇప్పుడు వాట్సాప్‌లో వచ్చిన ప్రకటనే వార్త అయిపోయింది. కోపం తెచ్చుకోకండి, ముప్పయ్యేళ్లుగా మీ చందాదారుణ్ని.

ఈసారి ఫొటోకు ఎవరినైనా పంపితే పొద్దున్నే రమ్మనండి, నా బండి మీద ఎక్కించుకుని పోయి కుంట చూపిస్తాను. దారి ఇబ్బందేం లేదు, రెక్క పట్టేంత వెడల్పుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచరు,
ధర్మవరం ప్రాంతం, శ్రీ సత్యసాయి జిల్లా